తలబరువు తూచే తక్కెడ

పోయిన ఆదివారం సాయంత్రం వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వుంటే, మా వీధి చివర మందులషాపాయన గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. వెనకాలే ఆయన కొడుకు. కుర్రవాడు నా దగ్గర రెండేళ్లు ఇంటర్మీడియేటులో తెలుగు చదువుకున్నవాడే. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు మాత్రం ఎంత చెప్పినా కూర్చోక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, ఇది కాస్త చూసిపెట్టండి" అంటూ ఆయన జేబులోంచి ఒక కరపత్రం తీసి నా చేతిలో పెట్టాడు. నున్నటి కాగితం. దాని మీద ఒక తలకాయ బొమ్మ, ఆ తలకాయ నిండా ఎర్రగా పచ్చగా మంటలు. కింద, మీ పిల్లల మెదడు ఎంత ఒత్తిడికి తట్టుకోగలదో ముందే తెలుసుకోండి అని వుంది. ఎవరు వేశారో ఇక్కడ మనకు అనవసరం.

సంగతేమిటంటే, ఆ అబ్బాయి ఇంట్లో లెక్కలన్నీ చేస్తాడు. పరీక్ష హాల్లో గడియారం వంక చూసేసరికి చేతులు చల్లబడిపోతాయి. మెడికల్ ప్రవేశపరీక్ష ఒకసారి రాశాడు, గట్టెక్కలేదు. మరో ఏడాది కోచింగులో పెట్టాలా, మానిపించి డిగ్రీలో చేర్చాలా అన్నది తండ్రి సమస్య. ఏడాది కోచింగంటే మాటలు కాదు. ఇల్లాలి గాజులు ఇదివరకే బ్యాంకులో వున్నాయి.

"ఈ స్కానేదో చేయిస్తే, వీడు తట్టుకునే రకమో కాదో తెలిసిపోతుందిట గదా! తెలిస్తే ఒక దారి పడతాం. మీరు అప్పుడెప్పుడో ఆ మిషన్లోకి వెళ్లొచ్చారు, మీకు తెలుస్తుందని వచ్చాం."

వెళ్లొచ్చిన మాట నిజమే. రెండేళ్ల కిందట తల తిరుగుతూంటే డాక్టరు రాసిస్తే, ఆ సొరంగంలో ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుని వచ్చాను. కాని ఒకసారి రైలెక్కినవాడికి ఇంజను సంగతులన్నీ తెలుస్తాయా? ఆ మాట పైకి అనలేక, "వారంరోజులు గడువివ్వండి" అన్నాను. స్తంభం దగ్గరి కుర్రవాడు నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు వల్లనే ఈ వారం నేను నా పద్యాలూ ప్రబంధాలూ పక్కన పెట్టి తలకాయల శాస్త్రంలో తలదూర్చవలసి వచ్చింది. నాకు అర్థం కాని చోట్ల మా పిన్ని కొడుకును పట్టుకున్నాను. అతను స్కానులు చదివే డాక్టరు.

మొట్టమొదట అతను చెప్పిందేమిటంటే, నాకు తీసిన స్కాను వేరు, కరపత్రంలో మంటల బొమ్మ వేరు. నాకు తీసింది ఇంటి ప్లాను లాంటిది. గోడలు ఎక్కడున్నాయి, ఎక్కడైనా బీట వేసిందా అని చూడడానికి. రెండోది ఆ ఇంట్లో ఏ వేళప్పుడు ఏ గదిలో సందడిగా వుందో కనిపెట్టడానికి. యంత్రం ఒకటే, పని వేరు.

ఈ సందడిని కనిపెట్టాలన్న ఆశ చాలా పాతది. 19వ శతాబ్ది చివర ఇటలీలోని ట్యూరిన్‌లో ఏంజెలో మోసో అనే శరీరశాస్త్రవేత్త ఒక బల్లను తక్కెడలా అమర్చి, దాని మీద మనిషిని పడుకోబెట్టాడు. అటూ ఇటూ సరిగ్గా తూగేట్టు సర్ది, ఆ మనిషిని ఏదో ఆలోచించమన్నాడు. ఆలోచిస్తే తలలోకి నెత్తురు ఎక్కువగా వస్తుంది, తలవైపు బల్ల ఒరుగుతుంది అని ఆయన లెక్క. ఒరిగిందనే రాసుకున్నాడు. మనం 'తలబరువు' అని వూరికే అనుకునే మాటను ఆయన నిజంగానే తక్కెడలో పెట్టాడన్నమాట!

తక్కెడ మోటుది గాని ఆలోచన మోటుది కాదు. మెదడు బరువు మన వొంటి బరువులో నూటికి రెండు పాళ్లే అయినా, వొంటికి కావలసిన శక్తిలో అయిదోవంతు అదొక్కటే తినేస్తుంది. ఈ శక్తి నాణేన్ని ఏటీపీ అంటారు. 1929లో దాన్ని కనిపెట్టిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఫిస్క్‌గారితో కలిసి ఆ పని చేశారు. మెదడులో ఏ మూల పని తగిలితే ఆ మూలకు నెత్తురు ఎక్కువగా పరుగెత్తాలి. ఆ నాణెం తయారవడానికి నెత్తురు తెచ్చే ప్రాణవాయువు కావాలి మరి.

ఇక 1936వ సంవత్సరం చూడండి. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి. అమెరికాలో లైనస్ పాలింగ్, ఛార్లెస్ కోరియెల్ అనే ఇద్దరు, ప్రాణవాయువును మోస్తున్న నెత్తురూ, దాన్ని దింపేసిన నెత్తురూ అయస్కాంతం దగ్గర ఒకే విధంగా ప్రవర్తించవని తేల్చారు. అదే ఏడు కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే ఆయన, ఎలుకలను చలిలో పెట్టినా, అలిసేదాకా పరుగెత్తించినా, విషం పెట్టినా వాటి వొంట్లో కలిగే మార్పులు మాత్రం ఒకే తీరుగా వుంటున్నాయని ఒక చిన్న లేఖ ప్రకటించాడు. తరవాత తరవాత ఆ స్థితికే 'స్ట్రెస్' అన్న పేరు స్థిరపడింది. ఒకటి అయస్కాంతం కథ, ఒకటి ఎలుకల కథ. ఈ రెండూ ఒకచోట కలవడానికి అరవై డెబ్బై ఏళ్లు పట్టింది.

మధ్యలో, 1990లో, అమెరికాలోని బెల్ లాబొరేటరీలో సీజీ ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు పాలింగ్ చెప్పిన తేడాను పట్టుకుని, మెదడులో నెత్తురు రాకపోకలను స్కానులో బొమ్మ కట్టించవచ్చునని చూపించాడు. సూది పొడవనక్కరలేదు, మందు ఎక్కించనక్కరలేదు. రెండేళ్లలో మనుషుల మీద ప్రయోగాలు వచ్చేశాయి. ఇక్కడ ఒక చిన్న మెలిక వుంది. ఆ యంత్రం ఆలోచనను చూడదు, నెత్తురును చూస్తుంది. అదీ అయిదారు సెకండ్లు ఆలస్యంగా. తేడా ఎంత? నూటికి ఒకటి రెండు పాళ్లు. ఆ కాస్త తేడాను లెక్కగట్టి, రంగులు పులిమితే, మంటల్లా కనబడతాయి. తలలో మంటలేమీ లేవు సుమండీ!

సరే, ఒత్తిడిని చూడాలంటే ముందు ఒత్తిడి తెప్పించాలి గదా. సొరంగంలో పడుకున్నవాడికి ఎల్లా తెప్పిస్తారు? దానికి 2005లో మాంట్రియల్ వారే ఒక పరీక్ష ప్రకటించారు. మనోగణితం. తెర మీద లెక్క కనబడుతుంది, గడువు గీత పరుగెడుతూ వుంటుంది. మీరు తొందరగా చేస్తే యంత్రం గడువు తగ్గిస్తుంది. ఎంత తెలివైనవాడైనా సగం లెక్కలు కూడా ఒప్పు చేయలేకుండా అమర్చిన మాయ అది. పైన, 'అందరి సగటు ఇది, నీ స్థానం ఇది' అని మరో గీత. మధ్యమధ్య పరిశోధకుడు వచ్చి, "సగటైనా అందుకోకపోతే ఎల్లాగండీ?" అంటాడు. అంతా అయిన తరవాత అసలు సంగతి చెబుతారనుకోండి.

చదువుతూంటే నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. ఇది మన కోచింగు హాలు కాదూ?

జర్మనీలోని ట్రియర్ యూనివర్శిటీ వారిది ఇంకో పరీక్ష, 1993 నాటిది. ఇది స్కాను బయట చేసేది. మొహంలో ఏ భావమూ చూపని పెద్దమనుషుల ఎదట అయిదు నిమిషాలు ఉపన్యసించాలి. తరవాత 1022లోంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి రావాలి. ఇదేం బ్రహ్మవిద్య అనుకుని బుధవారం రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఆడాను. మా ఆవిడ న్యాయనిర్ణేత. నవ్వకూడదని గట్టిగా చెప్పి కూర్చోబెట్టాను. మా అమ్మాయి గడియారం పట్టుకుంది. 1022, 1009, 996, 983, 970, 957... తరవాత 943 అన్నాను.

"తప్పు. 1022 నుంచి" అంది మా ఆవిడ, మొహం చెక్కలా పెట్టి.

మూడోసారికి నా అరచేతులు తడిసిపోయాయి. ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్న ఇల్లాలి ఎదట, పందెమూ లేదు, మార్కులూ లేవు, అయినా గొంతు ఎండిపోయింది. ఆట ముగించాక ఆవిడ గిన్నెలు తీస్తూ, "వైవాలో పిల్లలకు మీ మొహం ఇల్లాగే కనబడుతుంది కాబోలు" అంది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. పదేళ్ల కిందట డిగ్రీ పిల్లలకు మౌఖిక పరీక్ష చేస్తున్నాను. ఒక అమ్మాయిని పద్యం చెప్పమన్నాను. నిలబడింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నేను గడియారం వంక చూశాను. మళ్లీ చూశాను. సున్న వేశాను. బయట వరండాలో అయిదు నిమిషాల ముందే ఆ అమ్మాయి ఆ పద్యం తాత్పర్యంతో సహా స్నేహితురాళ్లకు చెప్పిందని తరవాత తెలిసింది. మరుసటేడు కాలేజీకి రాలేదు. పెళ్లి చేశారన్నారు. నా సున్న వల్లనే మానేసిందని నేననను. కాని ఆ కదిలిన పెదవులు ఈ వారమంతా నన్ను విడిచిపెట్టలేదు.

ఆ అమ్మాయికి ఏమయిందో శాస్త్రం కొంత చెబుతుంది. భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా వుండే గ్రంథులు కార్టిసాల్ అనే రసాన్ని నెత్తుట్లోకి వదులుతాయి. అది మంచికే, కష్టం వచ్చినప్పుడు వొంటిని సిద్ధం చేయడానికే. అయితే 2000లో జూరిక్ పరిశోధకులు ఒకటి కనిపెట్టారు. ముందు రోజు మాటలు కంఠస్థం చేసినవారికి, అప్పజెప్పే ముందు ఆ జాతి మందు ఇస్తే, తక్కువ మాటలు జ్ఞాపకం వచ్చాయి. నేర్చింది పోలేదు. తీయబోతే రాలేదు. బీరువాలో చీర వుంది, తాళం మాత్రం బిగుసుకుంది.

మాంట్రియల్ వారి 2008 స్కానుల ఫలితం ఇంకా చిత్రమైనది. అందరికీ అదే లెక్కల పరీక్ష పెట్టినా కార్టిసాల్ కొందరికే పెరిగింది. పెరిగినవారి మెదడులో మంటలు లేవలేదు, హిపోకాంపస్ అనే భాగమూ మరికొన్ని భాగాలూ మందగించాయి. ఆ మాటకు గ్రీకులో సముద్రపుగుర్రమని అర్థం, ఆకారం అల్లా వుంటుంది. మామూలప్పుడు ఆ గుర్రమే ఈ రసానికి కళ్లెం వేస్తూ వుంటుంది. కళ్లెం వదిలిందన్నమాట. దాని పొరుగునే బాదంపలుకంత అమిగ్డలా వుంది, దాని పేరుకూ బాదం అనే అర్థం. 2011లో జర్మనీలోని మాన్‌హైమ్ వారు ఇటువంటి పరీక్షే పెట్టి, పెద్ద నగరాల్లో కాపురముంటున్నవారిలో ఈ బాదంపలుకు ఎక్కువ చురుకుగా వుందన్నారు. 2017లో బోస్టన్ డాక్టర్లు వేరే రకం స్కానుతో 293 మందిని పరీక్షించి, అది ఎక్కువ చురుకుగా వున్నవారిలో తరవాతి కాలంలో గుండెజబ్బులు ఎక్కువ కనిపించాయని ప్రకటించారు. బెంగతో గుండె చెరువైందని మన పెద్దలు అన్నదానికి దారి ఇప్పుడిప్పుడే కనబడుతోంది.

"ఇంత తెలిసినప్పుడు ఒక కుర్రవాడి సంగతి చెప్పలేరా?" అని మా తమ్ముణ్ణి అడిగాను.

"అన్నయ్యా, అక్కడే తిరకాసు" అన్నాడు. "ఇవన్నీ గుంపుల లెక్కలు. నూరుమందిని కలిపితే కనబడే తేడా, ఒక్కడి దగ్గరకు వచ్చేసరికి నిలవదు."

2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్శిటీ పరిశోధకులు, అంతకుముందు వచ్చిన 90 ప్రయోగాలను పోగుచేసి చూశారట. ఒకే మనిషికి ఒకే పరీక్షను కొన్నాళ్ల తేడాతో రెండుసార్లు స్కానులో పెడితే రెండు ఫలితాలూ ఎంతవరకు కలుస్తాయి? పూర్తిగా కలిస్తే 1, బొత్తిగా కలవకపోతే 0 అనుకుంటే, వచ్చింది సుమారు 0.4. మా మందులషాపాయన తన తక్కెడ ఇల్లా తూస్తే ఒక్కరోజు వాడతాడా? పైగా ఆ బాదంపలుకు భయానికే కాదు, కొత్తదనానికీ ఇష్టానికీ కూడా చురుకెక్కుతుంది. అది ఎర్రగా కనబడినంత మాత్రాన వీడు పిరికివాడని అనలేం. ఆ సొరంగమే కొంతమందికి భయం. నేను లోపల పడుకున్నప్పుడు రేకుల షెడ్డు మీద సుత్తులు వేస్తున్నట్టు మోత. అప్పుడు నా బాదంపలుకు ఎల్లా వుందో అడక్కండి!

సగటు మాట కూడా చెప్పాలి. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు 100 మంది భారతీయుల స్కానులతో మనవారి మెదడుకు ఒక నమూనా తయారుచేశారు. అంతకుముందు ఎక్కువగా వాడుతున్నది మాంట్రియల్ నమూనా. చూస్తే మన సగటు కొలతలు వాటికంటె కొంత తక్కువని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు లెండి. కాని, ఎవరి సగటుతో ఎవరిని పోలుస్తున్నామన్న ప్రశ్న వుంది గదా.

వీటన్నిటినీ మించిన కథ ఒక చేపది. అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానులో పెట్టి, దానికి మనుషుల బొమ్మలు చూపించి, ఈ మనిషి ఏమనుకుంటున్నాడో చెప్పమన్నారు. లెక్కలు జాగ్రత్తగా సరిచూసుకోకుండా వేస్తే ఆ చేప మెదడులో కూడా చురుకుదనం కనబడింది! 2009లో దాన్ని ప్రదర్శించారు. యంత్రాన్ని వెక్కిరించడానికి కాదు, లెక్కవేసేవాళ్లను హెచ్చరించడానికి.

ఇంకో సంగతి. 2010 మే 5న మన సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా అతనికి మత్తుమందు పరీక్షా, అబద్ధాల పరీక్షా, మెదడు విద్యుత్తు పరీక్షా చేయకూడదని తీర్పు చెప్పింది. అది నేరవిచారణల విషయం, ఈ స్కాను విషయం కాదు. అయినా నాకు ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. నేరం మోపబడ్డవాణ్ణి కూడా అడిగి పరీక్షించాలి. స్తంభం దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవరైనా అడిగారా?

నిన్న సాయంత్రం తండ్రీ కొడుకూ మళ్లీ వచ్చారు. నేను చేప కథతో సహా అంతా చెప్పాను. ఈ యంత్రం గొప్పదే, తలలో గడ్డలూ దెబ్బలూ కనిపెట్టడంలో దేవుడంతటిది, ఒత్తిడి ఎల్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి పరిశోధకులకు మంచి ఆధారం, కాని మీవాడు ఏడాది తట్టుకుంటాడో లేడో చెప్పే తక్కెడ ఇంకా తయారవలేదు, ఆ డబ్బు దండగ అని చెప్పాను. ఆయన కాసేపు వూరుకున్నాడు.

"అయితే ఏం చేయమంటారు మాస్టారూ? ఏదో ఒకటి తేలాలి గదా" అన్నాడు. ఆ గొంతులో వున్నది కూడా బెంగే. స్కాను ఎవరైనా తీయదలిస్తే ముందు ఆయనకు తీయాలి.

నేను కుర్రవాడి వైపు తిరిగి, "నీకేమనిపిస్తుంది నాయనా?" అన్నాను.

చాలాసేపటికి, "చదువు కష్టంగా లేదండీ. డాక్టరు చదవాలనే వుంది. హాల్లో కూర్చోగానే మా అమ్మ గాజులు గుర్తొస్తాయండీ" అన్నాడు.

తండ్రి కరపత్రాన్ని మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

తెలుగులో బెంగ, బెదురు, కంగారు, గాభరా, ఆదుర్దా, దిగులు, హడలు అని ఎన్ని మాటలున్నాయో! ఒక్కొక్కటి ఒక్కొక్క బాధ. ఇప్పుడు అన్నిటినీ కలిపి 'టెన్షన్' అనేస్తున్నాం. ఆ కుర్రవాడిది గడియారం భయం కాదు, గాజుల బెంగ. ఆ సంగతి తెలియడానికి ఒక ప్రశ్నా, కాస్త ఓపికా చాలినాయి.

అతనికి ఒక సలహా మాత్రం చెప్పాను. ఇది నా సొంత కవిత్వం కాదు. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్శిటీ వారు 120 మంది మీద ప్రయోగం చేశారు. సగం మందిచేత చదివిందే మళ్లీ చదివించారు. తక్కినవారిచేత పుస్తకం మూసి, గుర్తున్నంత పైకి తీయించారు. తరవాత ఒత్తిడి పెట్టి చూస్తే, మొదటివాళ్లు మరిచిపోయారు, రెండోవాళ్ల జ్ఞాపకం చెక్కుచెదరలేదు. మన వీధిబడి పంతుళ్లు 'అప్పజెప్పు' అన్నది ఇదే గదా! వల్లెవేసి వదిలేస్తే చాలదు, అప్పజెప్పాలి.

"రోజూ ఏడింటికి రా, పుస్తకం నా చేతికిచ్చి అప్పజెప్పు. ఫిజిక్సు నాకు రాదు. రాకపోతేనే మంచిది, తప్పు పట్టలేను" అన్నాను. కుర్రవాడు నవ్వాడు. ఈ వారంలో మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

కోచింగు సంగతి తండ్రి ఇంకా తేల్చుకోలేదు. ఇల్లాలితో మాట్లాడతానన్నాడు. అది ఆ ఇంటివాళ్లు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవలసింది.

వచ్చే నెల మా కాలేజీలో వైవాలు. ఈసారి నా చేతిగడియారాన్ని ఇంట్లో వదిలి వెళ్లాలనుకుంటున్నాను. మాట రాక నిలబడిపోయిన వాళ్లను, "బయట వరండాలో మీ స్నేహితులకు చెప్పిరా, తరవాత నాకు చెబుదువుగాని" అని పంపిస్తాను. ఇది రూల్సులో వుందో లేదో తెలియదు. పదేళ్ల కిందట ఆ అమ్మాయితో అని వుండవలసిన మాట ఇది.